తుపాకీ లైసెన్సు తేలిక చేస్తే దొంగ తుపాకులు తగ్గుతాయా?

లంక_రైతు:
ప్రశ్న సూటిగా పెడుతున్నానండి. గోదావరి లంకల్లో అరటి, కంద, మొక్కజొన్న వేసేవాళ్లకి పందుల బెడద తెలిసిందే. ఒక్క రాత్రిలో కంద చేను నాగలి పెట్టి దున్నినట్టు చేసి పోతాయి. పంట కాపలాకి తుపాకీ అడిగే వీలు చట్టంలో ఉంది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ తీయండి. నిజంగా పంట కోసమే అయితే మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ‘ఇవ్వాలి’ అని ఉంది, ‘ఇవ్వొచ్చు’ అని కాదు. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే, గొట్టం 20 అంగుళాలకి తగ్గని నున్నగొట్టం (లోపల మరగీతలు లేని) తుపాకీకి కూడా ఇవ్వొచ్చు.

కాగితం మీద అంత తేలిక. దిగితే ఏ-1 దరఖాస్తు, ఎస్-1 శిక్షణ ధ్రువపత్రం, స్టేషన్ విచారణ, ఆపైన రెవెన్యూ విచారణ. సార్వా పోయి దాళ్వా కూడా కోతకొస్తుంది గానీ ఫైలు కదలదు. ఈలోగా మన్యం వైపు నుంచి చవకలో నాటు తుపాకీ తెచ్చిపెడతానని ఎవడో ఒకడు తగులుతాడు. ముందు తలుపు మూసేస్తే జనం దొడ్డిదారి పడతారు, తీస్తే దొడ్డిదారి బేరం పడిపోతుంది. నా వాదన ఇదీ. కాదనేవాళ్లు కారణంతో కాదనండి.

కోర్టు_మెట్లు:
రైతు గారూ, 13వ సెక్షన్ సరిగ్గానే చదివారు. పక్క చట్టం చదవలేదు. తుపాకీ ఉంచుకోవడం వేరు, దాంతో పందిని కొట్టడం వేరు. రెండోదానికి 1972 వన్యప్రాణి చట్టం అడ్డం. అడవిపంది ఇదివరకు మూడో షెడ్యూల్లో (రక్షణ జాబితాలో) ఉండేది, 2023 ఏప్రిల్ 1 నుంచి రెండోదాంట్లోకి వచ్చింది. 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెనో, ఆయన అధికారమిచ్చిన అధికారో కారణాలు రాసి అనుమతిస్తేనే కాల్చాలి. కాల్చాక ఆ పంది సర్కారు సొత్తు, కూరకి రాదు. అనుమతి లేకుండా కాలిస్తే అటవీ కేసు ఒకటి, ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద లైసెన్సుకి ఎసరు ఒకటి. ఊళ్లో వదిలేసిన పెంపుడు పందులైతే అది మళ్లీ వేరే గొడవ, అవి ఒకరి ఆస్తి.

మీ మండలాన్నిబట్టి ఇంకో మెలిక కూడా ఉంది. వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. ఆ పరిధిలో లైసెన్సు ఉన్నవాళ్లు అటవీశాఖ దగ్గర కూడా పేరు నమోదు చేయించుకోవాలి. డెల్టాకి అటు కొల్లేరు, ఇటు కోరింగ. మ్యాపు మీద వృత్తలేఖిని పెట్టి గీసి చూడండి, కైకలూరు, ఆకివీడు, తాళ్లరేవు వైపు ఎన్ని ఊళ్లు పడతాయో. ఫైలు స్టేషన్‌లో ఆగిందని తిట్టుకునేవాళ్లలో కొందరిది అసలు అటవీశాఖ సమ్మతి కోసం ఆగిన ఫైలు. దరఖాస్తుతోపాటే అభయారణ్యం సరిహద్దు నుంచి మీ సర్వే నంబరు ఎంత దూరమో రాయించి జతచేస్తే ఒక ఉత్తరం, ఒక జవాబు ఆదా అవుతాయి.

ఆకివీడు_గట్టు:
పందుల సంగతి లంకలోళ్లు చూసుకోండి, మా వైపు గొడవ పిట్టలది. చేప పిల్ల వదిలిన తొలి వారాల్లో నీటికాకులు మందగా దిగితే చెరువు ఖాళీ. అందుకని గట్టు మీద ఎయిర్‌గన్ పెట్టేస్తున్నారు. ‘దీనికి లైసెన్సు అక్కర్లేదండి’ అని అమ్మేవాడు చెప్పే మాట సగమే నిజం. గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు, మూతి దగ్గర శక్తి 20 జౌళ్లు దాటకూడదు. ఈ రెంటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి. 5.5 మిల్లీమీటర్లది కొనేసి మామూలు ఎయిర్‌గన్నే కదా అనుకుంటే లైసెన్సు లేని ఆయుధం పెట్టుకున్నట్టే.

లైసెన్సు అక్కర్లేని తుపాకీతో కొంగని కొట్టినా నేరం నేరమే. చంపడమే కాదు, గాయపరిచినా, ప్రయత్నించినా వేట కిందే లెక్క. గూడబాతు మీద గురిపెడితే ఇంక చెప్పక్కర్లేదు. అయినా తుపాకీతో పిట్టలు ఆగవు. నాలుగు రోజులు బెదిరి, అయిదో రోజు ఆ చప్పుడుకి అలవాటుపడి పక్క గట్టు మీద కూర్చుంటాయి. నర్సరీ చెరువుకి పైన వల, పెద్ద చెరువుకి అడ్డంగా తాళ్లు, మధ్యమధ్య మెరుపు రిబ్బను. తాడు జారి నీళ్లకి తగిలితే పని చెయ్యదు, వారానికోసారి బిగించాలి. కార్బైడ్ గన్ అని పైపుతో చేసినవి కూడా దిగాయి. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వాటితో పిల్లలకి కళ్లు పోయాయి. వాటి జోలికి అస్సలు పోవద్దు.

గొట్టం_పనివాడు:
నాటు తుపాకీ చవక అని రైతు గారు తేలిగ్గా రాసేశారు. చవక ఎందుకో చూడండి. కంపెనీ గొట్టాన్ని మామూలు మోతాదు కంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూసి, నిలబడితేనే ప్రూఫ్ ముద్ర కొడతారు. ఆ ముద్రా నంబరూ గొట్టం మీద ఉంటాయి. నాటుదానికి ఆ పరీక్ష ఉండదు. మొదట తెగేది గొట్టం వెనక బిరడా. అది ఎగిరేది కాల్చినవాడి ముఖం మీదకే. గొట్టం పక్కకి చీలితే ముందుచేతి వేళ్లు పోతాయి. లోపల తుప్పు గుంటలు పడ్డ గొట్టం పదిసార్లు బాగానే పేలుతుంది, పదకొండోసారి చీలుతుంది. పదిసార్లు పేలిందనే ధైర్యమే మనిషిని చంపేది.

మన గాలిలో ఇంకో చిక్కు ఉంది. అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా ఉప్పుగాలి, తేమ. మందు చెమ్మగిల్లితే మీట నొక్కగానే పేలదు, రెండు మూడు క్షణాలాగి పేలుతుంది. పేలలేదని తుపాకీ దించి మూతిలోకి చూసినవాడి గతి ఏమిటో చెప్పక్కర్లేదు. లైసెన్సు తుపాకీ అయినా సరే, పేలకపోతే మూతిని మనుషుల్లేని వైపే ఉంచి, కదపకుండా అర నిమిషం ఆగి, ఆ తర్వాతే తెరవాలి. పాత అట్టగొట్టం తూటాలు మన వానాకాలానికి ఉబ్బుతాయి. గదిలో బిగుసుకుపోతే కొట్టి తోయకూడదు, పక్కన పెట్టేయాలి. అడుగున ఇత్తడికి పచ్చగా చిలుం పట్టినదీ అంతే.

అసలు మాట ఒకటి మిగిలింది. లంక అంటే చదును నేల. పంది వెనక మట్టిగట్టు లేకపోతే తప్పిన గుండు ఎక్కడ ఆగుతుందో కాల్చినవాడికి తెలియదు. తెల్లారుజామున అరటి గెలలు కోసేవాళ్లు, పాలవాళ్లు, కొబ్బరి దింపువాళ్లు ఆ గట్ల మీదే ఉంటారు. చీకట్లో ఆకు కదిలిందని కాల్చడం కంటే సోలార్ కంచె నయం. కరెంటు తీగ లాగే పని మాత్రం వద్దు. సోలార్ కంచెలో కరెంటు క్షణంలో తగిలి ఆగిపోతుంది, మెయిన్ లైను నుంచి లాగింది పట్టుకుని వదలదు.

పాలకొల్లు_టు_డాలస్:
తలుపు తీస్తే దొంగ బేరం పడిపోతుందన్న మాటకి ఇక్కడి సంగతి చెప్తానండి. టెక్సస్‌లో తలుపు బార్లా తెరిచే ఉంది. దుకాణంలో కొంటే 4473 ఫారం నింపాలి, 1993 బ్రేడీ చట్టం కింద 1998 నుంచి నడుస్తున్న ఎన్ఐసీఎస్ తనిఖీ (కొనేవాడి నేర చరిత్ర చూడటం) చేస్తారు. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే దుకాణదారు తుపాకీ ఇచ్చేయొచ్చు. 2015లో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపినవాడి చేతికి తుపాకీ ఆ సందులోంచే వెళ్లింది. ఒకే రాష్ట్రంలో ఉన్న ఇద్దరు మామూలు మనుషులు చేతులు మార్చుకుంటే ఆ తనిఖీ కూడా లేదు.

ఇంత తేలికైనా దొంగ బజారు పోలేదు. ఎందుకంటే అక్కడ కొనేవాడు తనిఖీలో తప్పేవాడు. తన బదులు శుభ్రమైన రికార్డున్న ఇంకొకడిని కౌంటరు దగ్గరికి పంపుతాడు. దానికి 2022లో 15 ఏళ్ల దాకా శిక్షతో ప్రత్యేక నేరం పెట్టాల్సి వచ్చింది. తలుపు వెడల్పు చేస్తే అందులోంచి దూరేది రైతు ఒక్కడే కాదు బాబాయ్.

లంక_రైతు:
డాలస్ తమ్ముడూ, మీ దొంగ బజారులో కొనేవాడు నేరగాడు. నేను చెప్పేది పంట పోగొట్టుకున్నవాడి సంగతి. ఆ ఇద్దర్నీ ఒకే గాటన కట్టొద్దు.

గొట్టం పనివాడు గారు చెప్పింది కాదనను. కానీ అది నా వాదనకే బలం కదండీ? ప్రూఫ్ ముద్ర ఉన్న తుపాకీ అందనివ్వకపోబట్టే ముద్ర లేనిది చేతికొస్తోంది.

కోర్టు_మెట్లు:
గాట వేరే అన్నంతవరకు ఒప్పుకుంటాను. మన దగ్గర దొంగ తుపాకీ అంటే రెండు సరుకులు. ఒకటి మన్యంలో వేటకి వాడే మూతి తుపాకీ. రెండోది పిస్తోలు: బిహార్‌లో ముంగేర్, మధ్యప్రదేశ్‌లో ఖర్గోన్, ధార్ వైపు తయారై రైలెక్కి వచ్చేది. ముంగేర్‌లో ఈ విద్య బెంగాల్ నవాబు మీర్ ఖాసిం అక్కడ ఆయుధశాల పెట్టిన కాలం నుంచీ ఉంది. పిస్తోలు కొనేవాడు ఏ-1 దరఖాస్తు మొహం ఎప్పుడూ చూడలేదు. చూసే ఉద్దేశం కూడా లేదు. అతని మీద మీ తేలిక లైసెన్సు ప్రభావం సున్నా.

శిక్షలు మాత్రం తుపాకీని చూసి పడతాయి, అవసరాన్ని చూసి కాదు. ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2 నుంచి 5 ఏళ్లు. తయారుచేసినా అమ్మినా 7 ఏళ్ల నుంచి యావజ్జీవం. ముఠాగా రవాణా చేస్తే 10 ఏళ్ల నుంచి యావజ్జీవం. కొన్నవాడికి కూడా 29వ సెక్షన్ ఉంది. ‘పంట కోసం కొన్నానండి’ అనేది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది, విడుదలకి పనికిరాదు.

అయినా ఈ కేసులు చాలా పోతాయి. చట్టం మెతకనా? కాదు. 39వ సెక్షన్ కింద జిల్లా మెజిస్ట్రేటు ముందస్తు మంజూరు ఫైల్లో ఉండదు. లేదా తుపాకీ పేలే స్థితిలో ఉందని నిపుణుడి రిపోర్టు రాదు. లేదా మధ్యవర్తుల రిపోర్టు (పంచనామా) మీద సంతకం పెట్టిన ఇద్దరూ కోర్టులో ‘స్టేషన్‌కి పిలిచి సంతకం పెట్టించారు’ అంటారు. పట్టుకున్న చోటే సీలు వేసి, నంబరు ఉంటే నంబరు, లేకపోతే పొడవు కొలిచి రాస్తే నిలబడే కేసు బద్ధకం వల్ల పోతుంది. శిక్ష ఎన్నేళ్లకి పెంచినా ఈ మూడు కాగితాలు లేకపోతే పెంచినట్టు కాదు.

గొట్టం_పనివాడు:
పిస్తోలు విషయంలో బిగించాల్సింది తుపాకీని కాదు, తూటాని. మూలనున్న కొలిమిలో గొట్టం చేయొచ్చు గానీ తూటా చేయడం కష్టం. కాబట్టి దొంగ తుపాకీ బతికేది అసలు తూటాల మీదే. అవి జారేది లైసెన్సు పుస్తకంలోంచి. లైసెన్సుదారు మంచాన పడ్డాడు, తుపాకీ బీరువాలో ఉంది, అతని పేరు మీద ఏటా కోటా మాత్రం తీస్తున్నారు. పుస్తకంలో తేదీ, ఎన్ని కొన్నారు, ఎన్ని మిగిలాయి అనే మూడు గళ్లూ దుకాణం రిజిస్టరుతో కలిపి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది. పునరుద్ధరణ రోజు తుపాకీ చూస్తారు, తూటాలు లెక్కపెట్టరు.

లంక_రైతు:
మరి మూతి తుపాకీకి తూటాయే ఉండదు కదండీ. మీ తాళం దానికి పట్టదు.

గొట్టం_పనివాడు:
పట్టదు. ఒప్పుకున్నాను. దానికి మందు, గుళ్లు విడిగా కూరతారు, తూటాల పుస్తకంలాంటి లెక్క లేదు. అందుకే మూతి తుపాకీ లైసెన్సుని తేలిక చేయమంటే నాకు భయం. మీరడిగే తేలిక సరిగ్గా లెక్క దొరకని చోటే పడుతోంది. ఒంటిగొట్టం తూటా తుపాకీకి అడగండి, నా అభ్యంతరం సగానికి తగ్గుతుంది.

పాత_ఫైళ్లు:
జాప్యం గురించి రెండు మాటలు. 2016 ఆయుధ నిబంధనల్లో పోలీసు రిపోర్టుకి 30 రోజులు, అది అందాక లైసెన్సు అధికారి తేల్చడానికి 60 రోజులు. అంటే చట్టం చెప్పే లెక్క మూడు నెలలు. దాటితే ఎవరి దగ్గర ఏ తేదీ నుంచి ఆగిందో సమాచార హక్కు కింద తేదీలు మాత్రమే అడగండి. ‘ఎందుకు ఆపారు’ అని అడిగితే జవాబు రాదు, తేదీలు అడిగితే వస్తుంది. తిరస్కరిస్తే 14వ సెక్షన్ ప్రకారం కారణం రాతలో పెట్టాలి. ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదు. అప్పీలుకి 18వ సెక్షన్, 30 రోజులు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి లైసెన్సులకి కొత్త చిక్కు వచ్చింది. పుస్తకం మీద పాత కలెక్టరేటు ముద్ర, మనిషి కొత్త జిల్లాలో. పునరుద్ధరణకి 60 రోజుల ముందు వెళ్లి, ముందుగా యూఐఎన్ నంబరు (లైసెన్సుదారుకి ఇచ్చే గుర్తింపు సంఖ్య) జాతీయ డేటాబేసులో ఏ జిల్లా కింద కనిపిస్తోందో చూపించమనండి. అసలు ఆ నంబరే లేని పాత పుస్తకాలు 2020 జూన్ 29 గడువుతో చెల్లకుండా పోయాయి. ఇంట్లో ఎర్ర అట్ట పుస్తకం ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు అది తెరిచి నంబరు ఉందో లేదో చూసుకోండి.

ఆకివీడు_గట్టు:
ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు జమ చేయించుకోవడం మీద ఎవరూ మాట్లాడలేదేం? 2024లో మార్చి 16న కోడ్ పడింది, లెక్కింపు జూన్ 4న, ఆపైన ఇంకో వారం. దగ్గర దగ్గర మూడు నెలలు తుపాకీ స్టేషన్‌లో. తిరిగొచ్చేసరికి గొట్టం నిండా తుప్పు. అసలు దొంగ తుపాకీ ఉన్నవాడు ఏ స్టేషన్‌కీ తీసుకెళ్లడు. చట్టం పాటించినవాడికే ఈ శిక్ష.

కోర్టు_మెట్లు:
అందరూ జమ చేయాలని ఎన్నికల సంఘం చెప్పలేదండి. జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ కూర్చుని ఎవరిది తీసుకోవాలో విడివిడిగా చూడాలి: బెయిలు మీద ఉన్నవాళ్లు, నేర చరిత్ర ఉన్నవాళ్లు, ఎన్నికల గొడవల్లో ఉన్నవాళ్లు. బ్యాంకు కాపలాదారులకి, షూటింగ్ క్రీడాకారులకి మినహాయింపు ఉంది. మూకుమ్మడి హుకుం వస్తే కమిటీకి రాతపూర్వకంగా అభ్యర్థన పెట్టుకోండి. ఏమీ పెట్టకుండా నోటితో వాదించి ప్రయోజనం లేదు.

జమ చేసినా లోపల నూనెగుడ్డ తిప్పి, పైన గ్రీజు రాసి, తోలు సంచిలో కాకుండా పొడిగుడ్డలో చుట్టి ఇవ్వండి. తోలు తేమ పీలుస్తుంది. స్టేషన్ వద్దనుకుంటే లైసెన్సున్న ఆయుధ దుకాణంలో పెట్టి ఆ రసీదు చూపించవచ్చేమో ముందే అడగండి.

ఇంకో మాట. కాకినాడ నుంచి అమలాపురం వెళ్లేవాళ్లు లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే రాసి ఉంటే, యానాం–ఎదుర్లంక వంతెన దారిలో మీరు పుదుచ్చేరిలోకి అడుగుపెట్టారు. ఆ కాస్త దారిలో మీ లైసెన్సు చెల్లదు. రావులపాలెం మీదుగా చుట్టు తిరిగితే ఈ గొడవ లేదు.

పాలకొల్లు_టు_డాలస్:
యానాం సంగతి భలే చెప్పారు. ఎప్పుడూ తట్టలేదు.

లంక_రైతు:
సరే, నా ప్రశ్నని కాస్త సవరించుకుంటాను. లైసెన్సు తేలిక చేయమనను. గడువు పాటించమంటాను. మూడు నెలలన్నది మూడు నెలల్లో తేల్చండి, కాదంటే కారణం రాసి కాదనండి. అటవీశాఖ అనుమతీ, కలెక్టరేటు లైసెన్సూ ఒకే దరఖాస్తులో నడిపించండి. పిస్తోళ్ల బజారు దీంతో తగ్గదని ఒప్పుకున్నాను. నాటు తుపాకీ బేరం మాత్రం తగ్గుతుందనే ఇప్పటికీ అంటాను. అధికారిక షూటర్ల జాబితా ఒకటి పెట్టి, రైతు తుపాకీ కొనకుండా వాళ్లనే పిలిపించుకునే పద్ధతి పక్క తెలంగాణలో ఉంది. దాని మీద ఎవరైనా రాస్తే బాగుండు.

గొట్టం_పనివాడు:
షూటర్ల జాబితాకి నా ఓటు. ఊరికి నలభై తుపాకుల కంటే మండలానికి ఇద్దరు చేతనైనవాళ్లు మేలు.

రాజోలు_కొత్త:
మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. తాతగారి పేరు మీద లైసెన్సు, ఆయన పోయి చాలాకాలమైంది, జోడుగొట్టం తుపాకీ బీరువాలో అలాగే ఉంది అనుకోండి. ఇంట్లోవాళ్లు ఏం చేయాలి? చెబితే కేసు పెడతారని భయం.

పాత_ఫైళ్లు:
డెల్టాలో పాత కుటుంబాల్లో ఉండే చిక్కే ఇది, భయపడకండి. కానీ ఇంకా ఆలస్యం చేయొద్దు. లైసెన్సుదారు పోయిన రోజు నుంచి ఆ తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్ల చేతిలో లైసెన్సు లేని ఆయుధమే. 21వ సెక్షన్ ప్రకారం దాన్ని దగ్గరలోని స్టేషన్‌లో గానీ లైసెన్సున్న దుకాణంలో గానీ జమ చేయాలి.

ముందుగా తుపాకీని మీరు బయటికి తీయకండి. లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం జిరాక్సులతో ‘వారసత్వంగా మా ఇంట్లో ఉంది, జమ చేస్తాం’ అని స్టేషన్‌కి అర్జీ రాసి, రెండో ప్రతి మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. వాళ్లు చెప్పిన రోజున గొట్టాలు తెరిచి ఖాళీ చూసి, విప్పి, కవరులో తీసుకెళ్లండి. రసీదులో కంపెనీ పేరు, నంబరు, ఎన్ని గొట్టాలో రాయించాలి. ఉంచుకోవాలని ఉంటే వారసుల్లో ఒకరి పేరు మీద దరఖాస్తు పెట్టుకోవచ్చు, మిగతావాళ్లు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. బతికుండగానే అయితే లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండాక, లేదా ఆ తుపాకీ తీసుకుని 25 ఏళ్లయ్యాక వారసుడి పేరు మీదకి మార్పించుకునే వీలుంది. అది చాలామందికి తెలియదు. అక్కర్లేదనుకుంటే జమ చేసిన చోటి నుంచే లైసెన్సు ఉన్నవాళ్లకి అమ్మవచ్చు.

గొట్టం_పనివాడు:
ఒక్కటి కలపండి. బీరువా అడుగున, పాత ట్రంకుపెట్టెలో తూటాలు ఉంటాయి, వెతకండి. తుపాకీ ఇచ్చేసి పన్నెండు తూటాలు ఇంట్లో మర్చిపోతే వాటికి మళ్లీ వేరే కేసు. ఉబ్బినవి, చిలుం పట్టినవి విడిగా పెట్టి, ఎన్ని ఉన్నాయో అర్జీలోనే రాయండి.